ఊరికి పోయే చేపల ఒక్కపొద్దు

రంగుచేపలు పెంచి ఒకరికొకరు పంపుకునేవాళ్ళందరూ ఒక వీడియో అడుగుతారు. పెట్టె తెరిచాక, సంచి ముడి విప్పకముందు తీసిన వీడియో. చేప చచ్చి చేరితే అదే సాక్ష్యం. నేను అది అడగను. మా ఇంటి చేప మీ ఇంటికి చేరి, మీ తొట్టిలో కుదురుకుని, మొదటి మేత నోట పెట్టుకునేటప్పుడు తీసి పంపండి అంటాను. అది వచ్చేదాకా ఫోను మీద ఫోను చేస్తూనే ఉంటాను. కొత్తవాళ్ళు విసుక్కుంటారు. "చేరినాయి కదక్కా, బతికే ఉన్నాయి కదా" అంటారు. చేరడం వేరు, తినడం వేరు అని కసురుతాను. పాతవాళ్ళకు అలవాటైపోయింది. మా వాట్సాప్ గుంపులో దీనికి 'ధర్మపురి వీడియో' అని పేరు కూడా పడింది. ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు పొంగుతుంది. దాచుకోవలసిన అవసరం కనిపించదు. అయితే ఈ అలవాటు పెట్టింది నేను కాదు, మా అత్త.

మేముండేది తమిళనాడు ధర్మపురిలో. నేను పుట్టింది మాత్రం కుప్పం పక్కన. తెలుగు బడిలో చదువుకుని ఇక్కడికి కోడలిగా వచ్చాను కాబట్టి, ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు మాట్లాడతారు, అదీ వంటింటి నుంచి వీధి గడప దాకా. గడప దాటితే తమిళమే. తరతరాలుగా ఇంతే. నేను రాసేది ఈ ఇంట్లో ఎవరూ చదవరు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

మా మిద్దె మీదికి చేపలు వచ్చింది అందానికి కాదు, దోమలకు. డెంగీ జ్వరాలు ఎక్కువగా ఉన్న ఒక ఏడు మునిసిపాలిటీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. మూత లేని సిమెంటు తొట్టి కనిపిస్తే ఇంటివాళ్ళను తిట్టి, తిట్టడం అయ్యాక అందులో నాలుగు గప్పీ చేపలు వదిలిపోయారు, దోమపిల్లలను తింటాయని. మాకు వదిలినవి వేలిగోరంతవి, బూడిద రంగువి. వాటి పిల్లల్లో ఒకదానికి తోక చివర కుంకుమ అద్దినట్టు ఎర్రగా వచ్చింది. అది చూశాక నాకు పిచ్చి పట్టుకుంది. దాన్ని వేరే బకెట్లో వేశాను. దాని పిల్లల్లో ఎర్రతోకవి ఏరాను. వాటి పిల్లల్లో మళ్ళీ ఏరాను. మా ఆయనకు బస్టాండు వెనక మోటారు వైండింగు షాపు ఉంది. తాగునీళ్ళ మోటార్లు బాగుచేసే మనిషి ఇంట్లో చేపతొట్లకు గాలిమోటార్లు బిగిస్తూ ఉంటే ఆదివారాలు గడిచిపోయాయి. రెండు మూడేళ్ళకు మిద్దె మీద బట్టలు ఆరేయడానికి చోటు లేకుండా పోయింది.

మా బోరునీళ్ళ గురించి చెప్పాలి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు సున్నం పట్టుకుంటుంది. వంటకూ తాగడానికీ హొగేనక్కల్ నుంచి వచ్చే కావేరి నీళ్ళు పట్టుకుంటాం, మిగతా పనులకు బోరు. ఈ ఊరి జనం పళ్ళు పాడుచేసిన ఆ నీళ్ళే గప్పీలకు పాలలాగా పట్టాయి. అవి ఇలాంటి సున్నపు నీళ్ళలోనే బాగా పెరిగే జాతి. ఎక్కడెక్కడివాళ్ళో నీళ్ళలో ఉప్పూ సున్నపురాళ్ళూ వేసి తంటాలు పడుతుంటే, నేను కొళాయి తిప్పితే చాలు. ఊరంతా శాపనార్థాలు పెట్టే నీళ్ళతో నేను పేరు తెచ్చుకున్నాను. చుట్టుపక్కల కంబైనల్లూరు, కడత్తూరు నుంచి ఎవరైనా వచ్చి "ఏం మందు కలుపుతావక్కా" అంటే, కొళాయి చూపించి ఊరుకుంటాను.

ఎర్రతోకల ఫొటో గుంపులో పెట్టిన రోజే త్రిశూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తమిళమూ మలయాళమూ కలిపి మాట్లాడతాడు, తొందర ఎరగడు. గప్పీలు పెంచేవాళ్ళలో ఆయనంటే భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. ఆయన దగ్గర ఒక వంశం ఉండేది. ముందు సగం వెండి, నడుము నుంచి వెనక కాటుక నలుపు, తోక నిమ్మపండు రంగు. ఎన్నో ఏళ్ళు ఏరి ఏరి నిలబెట్టుకున్న వంశం. అది ఎవరికీ ఇవ్వడని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి నా ఎర్రతోకలు అడిగి, బదులుగా ఆ నిమ్మతోకలు పంపాడు. పంపుతూ ఒక మాట అన్నాడు. ఒక వంశాన్ని ఒకే ఇంట్లో ఉంచకూడదట. తన ఇంట్లో పోతే ఇంకో ఇంట్లో ఉండాలట. "ఏదో ఒకరోజు అడుగుతాను, అప్పుడు ఇవ్వాలి" అన్నాడు. అంత గొప్ప వంశం ఆయన ఇంట్లో ఎందుకు పోతుందని, మర్యాదకు అన్న మాటే అనుకున్నాను.

ఇక మా అత్త. ఆమెది పెరియంపట్టి. చేలో పుట్టి చేలో పెరిగిన మనిషి. మొదట్లో చేపలంటే ఆమెకు అసహ్యం. "తినేదానికి కాని మీను ఏమిటికే?" అని అడిగేది. తర్వాత మోకాళ్ళ నొప్పులకు ఎండ మంచిదని డాక్టరు చెప్పడంతో పొద్దున్నే మిద్దె ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కింది ఎండకు, చిక్కింది చేపలకు. కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన పలచటి గుడ్డలో కట్టి నీళ్ళలో ఆడిస్తే చేపపిల్లలు పెరుగుతాయని నేనే నేర్పాను. కొన్నాళ్ళకు ఆమె చేతికి వచ్చినంత బాగా నా చేతికి రాలేదు. గుడ్డ ఒక్కసారి ఆడిస్తే మంచులాగా పలచగా దిగేది. పిల్లలు కడుపులు నిండి మెరిసేవి. ఈరోజు నా నిమ్మతోకలను చూసి జనం తోక వెడల్పు మెచ్చుకుంటారు. అందులో సగం మా అత్తది.

చేపను పంపడం పెంచడం కంటే కష్టం. సంచిలో మూడోవంతు నీళ్ళు పోసి, మిగతాదంతా ఆక్సిజన్ నింపాలి. మా ఆయన షాపు పక్కనే వెల్డింగు షాపు ఉంది, ఆ సిలిండరే నాకు దిక్కు. చేప మూలలో ఇరుక్కోకుండా సంచి మూలలు మడిచి టేపు వేయాలి. ఎండిన బాదమాకు ముక్క ఒకటి వేస్తే నీళ్ళు చెడవు, చేపకు నెమ్మదిగా ఉంటుంది. రోడ్డు పక్క రాలిన బాదమాకులు నేను ఏరుకుంటుంటే ఎవరో చాదస్తపు మనిషని జనం తప్పుకునిపోతారు. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు రూలు ఇంకో ఎత్తు. బయలుదేరే ముందు ఒక రోజంతా చేపకు మేత పెట్టకూడదు. తిన్న చేప సంచిలోనే విసర్జిస్తుంది, ఆ కాసిని నీళ్ళు విషమైపోతాయి, ఊపిరాడక చస్తుంది. కడుపు ఖాళీగా ఉన్న చేప హాయిగా ప్రయాణం చేస్తుంది. అందుకే పంపవలసినవాటిని ముందుగానే ఏరి, నీలం బకెట్లో వేసి పస్తు పెడతాను.

అన్నీ ఇంత ఒద్దికగా చేస్తున్నా, ఒక ఎండాకాలం నా చేపలు చావడం మొదలుపెట్టాయి. మదురైకి పంపినవి సంచిలో నీళ్ళు పాలలాగా తెల్లబడి, అన్నీ వెల్లకిలా తేలి చేరాయి. మళ్ళీ పంపాను, అవీ పోయాయి. హోసూరు ఎంత దూరమని, అక్కడికి పంపినవీ అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. సంచులు మార్చాను. నీళ్ళు మార్చాను. చివరికి వెల్డింగు షాపుకు పోయి, "మీ గాలిలో కల్తీ ఉంది" అని నడివీధిలో నిలబడి కేకలు వేశాను. షాపాయన నిదానంగా విని, "గాలిలో ఏం కల్తీ కలిపేది అక్కా, నీళ్ళా?" అన్నాడు. ఇప్పటికీ నేను సంచులతో పోతే సిలిండరు తట్టి "ఈరోజు పచ్చి గాలి అక్కా, ఇప్పుడే పిండినాం" అంటాడు. పడాలి మరి.

ఒక మధ్యాహ్నం సంచులు తీసుకుని మిద్దె ఎక్కేసరికి గుట్టు బయటపడింది. మా అత్త నీలం బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో గుడ్డు గుడ్డ. నీళ్ళలో మెల్లగా ఆడిస్తూ వాటితో మాట్లాడుతోంది.

"తినండి, తినండి. దూరం పోవల్ల. దోవలో ఎవురు పెడతారు మీకు? కడుపునిండా తినండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమత్తా ఇది! ఎన్నిసార్లు చెప్పినాను నీకు, ఈ బకెట్లోవాటికి ఏమీ పెట్టొద్దని?"

"ఊరికి పోతావుండాయి కదే" అంది, అదే జవాబన్నట్టు.

"ఊరికి పోతావుండాయి కాబట్టే పెట్టకూడదు! నువ్వు పెట్టింది తినే అవి చచ్చింది. మదురైవి, హోసూరువి, అన్నీ."

ఆమె గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"పావం, నాకు తెలీలే" అంది. "ఈ ఇంట్లో నుంచి ఎవుర్నీ వట్టి కడుపుతో అంపిన పళక్కం లేదే నాకు. నన్ను పెరియంపట్టి నుంచి ఈ ఇంటికి తెచ్చిన పొద్దు, మంచి గడియ దాటిపోతాదని సాపాటు లేకుండానే బండెక్కించినారు. తాళి ఉండాది, పట్టుచీర ఉండాది, కడుపులో ఏమీ లేదు. దోవంతా కండ్లు తిరిగినాయి. ఎవుర్ని అడిగేది? కొత్త పెండ్లికూతురు ఆకలి అని అంటాదా? ఆ పొద్దే అనుకుంటి, నా గడప దాటేవాళ్ళు తినే దాటల్ల అని."

అది నిజం. మా గడపలో అడుగుపెట్టినవాడు ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా బయటపడడం కల్ల. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు కూడా మజ్జిగ తాగే పోవాలి. ఇంత విన్నాక నేను ఏం అరవగలను? చేప కడుపు వేరు, మన కడుపు వేరు అని చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ తర్వాత నీలం బకెట్ జోలికి పోలేదు. చేపలు పస్తు ఉన్న రోజుల్లో మిద్దె ఎక్కినా ఆ బకెట్ వైపు వీపు పెట్టి కూర్చునేది. నా చేపలు మళ్ళీ బతికి చేరసాగాయి. మదురైవాళ్ళు, హోసూరువాళ్ళు నా పేరు మళ్ళీ మర్యాదగా పలికారు.

ఇలా ఉండగా త్రిశూరు పెద్దాయన ఫోను వచ్చింది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి గొంతు ఆ రోజు పలచబడి ఉంది. వాళ్ళ వీధి నీళ్ళ ట్యాంకు కడిగి, మోతాదు చూడకుండా బ్లీచింగు పోశారట. ఆయన ఊళ్ళో లేడు. ఇంట్లోవాళ్ళు తెలియక తొట్లన్నీ ఆ నీళ్ళతోనే నింపారట. తిరిగి వచ్చి చూసేసరికి ఒక్క చేప కూడా మిగల్లేదు. ఆ వంశం తీసుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. ఇద్దరికి ఇచ్చాడట, ఇద్దరి దగ్గరా ఎప్పుడో పోయాయట. చివరికి అడిగాడు, "నీ దగ్గర ఉన్నాయా అమ్మా?" అని.

ఉన్నాయి అన్నాను. ఆ ఒక్క మాట అంటుంటే నాకు కలిగిన గర్వం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. మిద్దె మీద రెండు చివర్ల రెండు తొట్లలో, వేరువేరుగా, చెదరకుండా ఉన్నాయి. నడుము నలుపు ఒక్క మచ్చ తప్పలేదు. ఒక మనిషి సగం జీవితం పెట్టి నిలబెట్టింది, లోకం మొత్తంలో ఇప్పుడు మా బట్టలు ఆరేసే చోటులోనే ఉంది. వానలు పడ్డాక పంపమన్నాడు ఆయన, ఎండకు చస్తాయేమోనని. నాకు మనసొప్పలేదు. ఒక్క ఇంట్లోనే ఉన్న వంశం పోవడానికి ఒక్క మోటారు ఆగితే చాలు. ఆ మాట నాకు నేర్పింది ఆయనే కదా. ఈ వారమే పంపుతాను అన్నాను.

మంచివాటిని ఏరాను. పెద్ద తోకల పోతులు కొన్ని, ఆడవి కొన్ని. ఆడవాటిలో ఒకదాని కడుపు అప్పుడే నిండుకొస్తోంది. అత్త దాన్నే చూస్తోంది.

"ఇది కూడానా?"

"అది ముఖ్యం అత్తా. ఆయన ఇంట్లోనే పెడతాది పిల్లల్ని."

"పుట్టింటికి కానుపుకి పోతావుండాది అను" అంది. మళ్ళీ తనే, "కడుపుతో ఉండేదాన్ని పస్తు పెట్టి అంపేది నేను యాడా చూడలే" అంది. వీపు తిప్పుకుని కూర్చుంది. ఈసారి సంచులు కట్టేదాకా పగలు మిద్దె దిగలేదు. కాపలా నాకా చేపలకా అన్నది తెలియలేదు.

మరునాటి సాయంత్రం పెట్టె సిద్ధమైంది. సంచికి కొద్ది చేపలే వేశాను. ఆక్సిజన్ దండిగా పట్టించాను. థర్మోకోల్ పెట్టెలో సంచులు పేర్చి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాను పేపర్లో చుట్టి పక్కన పెట్టాను. పెట్టె మీద తమిళంలో 'ఉయిర్ మీన్' అని, ప్రాణమున్న చేపలని తెలిసేలా పెద్ద అక్షరాలతో రాశాను. మా ఆయన బండి తీశాడు. బెంగళూరు నుంచి కేరళ పోయే బస్సు బైపాసులో ఆగుతుంది, కండక్టరుకు అప్పజెప్పాలి. పెట్టె ఎత్తుకుని గడప దాటుతుంటే అత్త వెనక నుంచి పిలిచింది.

"వాటికి తినిపించొద్దంటివి, సరే. నువ్వు చెప్పినట్టే వింటిని. ఇప్పుడు నేను చెప్పేది నువ్వు విను. అవి ఆ ఇంట్లో పోయి తినేదాకా నేనూ ఒక్కపొద్దు. నా గడప దాటేవాళ్ళు ఆకలితో ఉంటే నేను ఎట్ల తినేది?"

నవ్వాను. రాత్రికి మరిచిపోతుంది అనుకున్నాను. రాత్రి పళ్ళెం ముట్టలేదు. పొద్దున ఇడ్లీలు ముట్టలేదు. ఆమెకు షుగరు, పొద్దునా రాత్రీ మాత్రలు. తినకుండా మాత్ర వేసుకోకూడదు.

"మజ్జిగైనా తాగత్తా."

"అవి మజ్జిగ తాగుతావుండాయా?"

"పోనీ నీళ్ళు?"

"అవి నీళ్ళలోనే కదా ఉండాయి. నీళ్ళు తాగుతాను" అని చెంబెడు తాగింది. ఇంత తర్కం నాకెక్కడ వస్తుంది!

బస్సు తెల్లవారేసరికి త్రిశూరు చేరాలి. పొద్దున పెద్దాయన అక్కడి బస్టాండు నుంచి ఫోను చేశాడు, బస్సు రాలేదని. కండక్టరు ఫోను పలకలేదు. ఎంతసేపటికో తెలిసింది, కేరళ సరిహద్దులో వాళయారు దాటాక బస్సు చెడిపోయి రోడ్డు పక్కన ఆగిందని, వేరే బస్సు రావాలని. ఎండ ఎక్కుతోంది. పెట్టెలో మంచు ఎప్పుడో కరిగి ఉంటుంది. ఆ పెట్టె డిక్కీలో ఉందో, దించి ఎండలో పెట్టారో తెలియదు. మిద్దె మీదికీ కిందికీ తిరుగుతూనే ఉన్నాను. అవి చస్తే ఈ మిద్దె మీద ఇంకా కొన్ని ఉన్నాయి, నిజమే. కానీ నేను ఏరి పంపింది ఉన్నవాటిలో మేలైనవాటిని. రెండోసారి అంత మంచివి ఇవ్వలేను. పైగా "ఉన్నాయి" అని అంత గర్వంగా చెప్పిన నోటితో ఆ పెద్దమనిషికి ఏం చెప్పాలి?

కింద ఇంట్లో చెప్పలేదు గానీ అత్తకు నా ముఖమే చాలు. మెల్లగా మెట్లెక్కి వచ్చింది. నిమ్మతోకల తొట్టి పక్కన గోడకానుకుని కూర్చుంది. మా ఆయన షాపు వదిలి వచ్చి తినమని బతిమాలాడు, కోప్పడ్డాడు, పోయాడు. నేను కూడా కోప్పడ్డాను.

"నీకేమన్నా అయితే ఆ చేపలు వచ్చి చూస్తాయా అత్తా?"

"వాటి కడుపులు ఖాళీగా ఉండాయా లేదా? అది చెప్పు."

"ఖాళీగానే ఉండాయి."

"అట్లయితే బతుకుతాయి అని నువ్వే కదా చెప్పినావు. నువ్వు చెప్పింది సత్తియం అయితే ఎందుకు భయపడేది?"

ఎన్ని వందల సంచులు కట్టినా, ఎంతమందికి పాఠాలు చెప్పినా, నా మాట మీద నాకే నమ్మకం జారిపోతున్న సమయంలో దాన్ని పట్టుకుని కూర్చున్నది ఆమె. నేను చెప్పిన రూలును నాకంటే గట్టిగా నమ్మింది. నమ్మి, తనకు బొత్తిగా గిట్టని పనికి ఒప్పుకుంది. అలాంటి మనిషికి కోడలినని నాకు గొప్పగా అనిపించింది. అప్పుడు ఆ మాట అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం దాటాక పెట్టె త్రిశూరు పెద్దాయన చేతికి అందింది. ఇంటికి తీసుకుపోయి వీడియో కాల్ చేశాడు. పెట్టె మూత తీశాడు. మంచు సీసాలో నీళ్ళు వెచ్చబడి ఉన్నాయి. మొదటి సంచి పైకెత్తి వెలుగుకు పట్టాడు. నీళ్ళు తేటగా, బాదమాకు రంగు దిగి పలచటి టీలాగా ఉన్నాయి. అందులో నిమ్మతోకలు ఆడుతున్నాయి. రెండో సంచి. మూడోది. అన్నీ బతికే ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. సంచి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, తాను ఇచ్చినప్పుడు తోక ఇంత వెడల్పు లేదని. ఇన్నేళ్ళు తాను తేలేనిది మా మిద్దె మీద వచ్చిందని. నేను ఏడ్చాను, సిగ్గేమీ లేదు. గప్పీలు పెంచేవాళ్ళలో ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు ఇంకొకరు ఉంటే చూపించండి.

పరుగున వచ్చి అత్తకు చెప్పాను.

"బతికినాయి అత్తా! అన్నీ బతికినాయి! లే, తిందువు గాని."

"తిన్నాయా?"

అప్పుడు గుర్తొచ్చింది. దూరం నుంచి వచ్చిన చేపకు ఆ రోజు మేత పెట్టకూడదు. సంచిని తొట్టిలో తేలనివ్వాలి, కొత్త నీళ్ళు కొద్దికొద్దిగా కలపాలి, చేపను వదిలాక మరునాటి దాకా ఏమీ వేయకూడదు. ఇది కూడా నేను అందరికీ చెప్పే రూలే. త్రిశూరు పెద్దాయన అయితే ఈ రూలు తప్పినవాళ్ళతో మాట్లాడడం మానేస్తాడని పేరు. అత్త గోడకు తల ఆనించి నా వైపే చూస్తోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రేపటిదాకా ఆమెను ఇలా చూడడం నా వల్ల కాదు.

ఫోను పట్టుకుని మిద్దె రెండో చివరకు పోయి, ఆయనకు ఉన్నదంతా చెప్పాను. గుడ్డు గుడ్డ సంగతి, పెరియంపట్టి పెళ్ళి బండి సంగతి, నిన్న సాయంత్రం నుంచి పస్తు సంగతి. రూలు తప్పమని మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రావడం లేదు గానీ అడుగుతున్నాను అన్నాను. కోప్పడతాడు అనుకున్నాను. "కొంచెం టైమివ్వు అమ్మా, వాటిని ముందు నీళ్ళకు అలవాటు చేస్తాను" అన్నాడు ఆయన.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. అత్త ఒళ్ళో పెట్టాను. తెర మీద ఆయన తొట్టి, అందులో మా చేపలు. ఆయన వేళ్ళ చివర చిటికెడు మేత పట్టుకుని, నీళ్ళ మీద విదిలించాడు. మొదట ఏదీ కదల్లేదు. ఒక పోతు ముందుకు వచ్చి నోట పట్టింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత అన్నీ ఎగబడ్డాయి.

"అమ్మా, సాప్పిట్టాచ్చు" అన్నాడు ఆయన తమిళంలో. తిన్నాయి, ఇక మీరు తినండి అని.

అత్త తెర మీదికి వంగింది. ఒక మూల చూపించింది.

"ఆ కడుపుతో ఉండేది తినలే."

నిజమే. నాచు వెనక అది ఒంటరిగా నిలబడి ఉంది. అత్తే తమిళంలో ఆయనకు చెప్పింది. ఆయన ఫోను ఆ మూలకు తిప్పి, నాచు పక్కన ఇంకో చిటికెడు వేశాడు. ముగ్గురం దాన్నే చూస్తున్నాం, త్రిశూరులో ఒకరు, ధర్మపురిలో ఇద్దరు. అది కొంచెం తోక ఆడించింది. ముందుకు జరిగింది. ఒక తునక నోట పట్టి, ఉమ్మేసి, మళ్ళీ పట్టి మింగింది.

"సరే" అంది అత్త. ఫోను నాకిచ్చేసింది. "సంగటి ఉండాదా?"

"ఉండాది. ఇదో తెస్తాను. ముందు కొంచెం చక్కెర నీళ్ళు తాగు."

"రెండు పళ్ళాలు తే" అంది.

"రెండెందుకు అత్తా? అంత తింటావా?"

"నాకొకటి, నీకొకటి. నిన్నటి నుంచి నువ్వు మాత్రం ఏం తిన్నావే?"

ఆలోచించాను. ఏమీ తినలేదు. ఆ సంగతి నాకే గుర్తు లేదు, గోడకానుకుని ఆమె చూస్తూనే ఉంది. కిందికి పోయి రెండు పళ్ళేలలో సంగటి, చెట్నీ వేసుకుని వచ్చాను. తొట్ల మధ్య ఉన్న కాస్త చోటులో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను మొదటి ముద్ద మింగేదాకా మా అత్త తన పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు.